బెల్లు ఎవరికి వినపడాలి?

షాపులో నొక్కి చూసినప్పుడు చెవులు గింగిర్లెత్తేలా మోగిన సైకిల్ బెల్లు, విజయవాడ బందరు రోడ్డెక్కేసరికి మూగబోతుంది. బెల్లు బాగాలేదేమో అనుకుని ఇంకోటి కొంటారు, అదీ అంతే, చివరికి విసుగొచ్చి డబ్బా మీద 120 డెసిబెల్స్ (చప్పుడుని కొలిచే లెక్క) అని రాసి ఉన్న బ్యాటరీ హారన్ ఒకటి తెప్పించి బిగిస్తారు, ఇక అక్కణ్ణుంచి వీధిలో జనానికి టెన్షన్ మొదలు. ఎంత గట్టిగా మోగుతుందని చూస్తున్నాం గానీ, ఎవరికి వినపడాలని మనం ఆలోచించట్లేదు. ఆ ఒక్క సంగతి తేల్చుకుంటే ఏ బెల్లు కొనాలి, ఎక్కడ బిగించాలి, ఎప్పుడు కొట్టాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు కార్లవాళ్ల సంగతి చూద్దాం. అద్దాలెత్తి, ఏసీ వేసి, పాటలు పెట్టుకుని బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం నిలబడ్డ కారు పక్కన మీరు ఎంత బెల్లు కొట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మూసిన అద్దాలు బెల్లులాంటి సన్నటి, పై స్థాయి శబ్దాలని బాగా ఆపేస్తాయి, లోపలికి వచ్చే ఆ కొంచెమూ ఏసీ హోరులో కలిసిపోతుంది. బస్సు, లారీ డ్రైవర్లదీ ఇంచుమించు ఇదే కథ. ఆటోకి పక్కలు తెరిచే ఉంటాయి కాబట్టి వినపడుతుందనుకుంటాం గానీ, ఇంజను చప్పుడు ఆ డ్రైవర్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. బైకు మీదవాళ్లు మూతి కూడా కప్పే హెల్మెట్ పెట్టుకుంటే, పెట్టుకోవాలి కూడా, వాళ్లకీ సగమే వినపడుతుంది. ఇక మిగిలిందెవరు? నడిచేవాళ్లు, తోటి సైకిలు వాళ్లు, తోపుడు బండ్లవాళ్లు, సందుల్లో ఆడుకునే పిల్లలు, గేటు తీసుకుని స్కూటీ వెనక్కి తోస్తున్న పెద్దమనిషి. బెల్లు వీళ్ల కోసం. పెద్ద రోడ్డు మీద మిమ్మల్ని కాపాడేవి వేరే ఉన్నాయి: వెనక ఎర్రలైటు, కంటికి కొట్టొచ్చే రంగు చొక్కా, ముందుగా చూపించే చెయ్యి, అటూ ఇటూ ఊగకుండా తిన్నగా తొక్కడం. అక్కడ బెల్లు మీద నమ్మకం పెట్టుకోవడమే ప్రమాదం.

ఎందుకిలా అంటే కొంచెం లెక్క చెప్పాలి. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో 85 డెసిబెల్స్ మోగే బెల్లు ఉందనుకుందాం. అది రెండు మీటర్ల దగ్గర 79, నాలుగు మీటర్ల దగ్గర 73, ఎనిమిది మీటర్ల దగ్గర 67, పదహారు మీటర్ల దగ్గర 61కి పడిపోతుంది. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం వ్యాపార ప్రాంతాల్లో పగటిపూట ఉండదగ్గ శబ్దం 65 డెసిబెల్స్, నివాస ప్రాంతాల్లో 55. అంటే మార్కెట్టు రోడ్డు నియమం దాటకుండా ఒద్దికగా ఉన్నా సరే (ఆ మాట అనుకోవడానికే నవ్వొస్తుంది) ఎనిమిది మీటర్లు దాటాక మన బెల్లు, చుట్టుపక్కల గోల సమానమైపోతాయి. అదే ఇళ్ల మధ్య సందులో అయితే పదహారు మీటర్ల దగ్గర కూడా బెల్లుదే పైచేయి. షాపులో మీరు విన్నదేమో అర మీటరు దూరంలో, నాలుగు గోడల మధ్య! అక్కడ ఏ బెల్లయినా బ్రహ్మాండంగానే మోగుతుంది.

అయితే డెసిబెల్సే అంతా కాదు. మన చెవి అన్ని స్వరాలనీ ఒకేలా పట్టుకోదు, సెకనుకి రెండు వేల నుంచి ఐదు వేల కంపనాల మధ్య ఉన్న శబ్దానికి బాగా చురుగ్గా ఉంటుంది. ఇంజన్ల గుయ్యిమనే చప్పుడు ఎక్కువగా దానికి బాగా కింద, సైకిల్ బెల్లు మోత చాలావరకు ఈ చురుకైన భాగంలో. అందుకే మీటరు పెట్టి కొలిస్తే గోల కన్నా బెల్లు తక్కువగా కనిపించినా, చెవికి మాత్రం విడిగా తెలుస్తుంది. కాకపోతే పక్కనుంచి నిజంగా పెద్ద లారీ పోతుంటే ఆ కింది స్థాయి హోరు పై స్వరాలని కూడా మింగేస్తుంది, అప్పుడు ఏ బెల్లూ పనిచెయ్యదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, బెల్లు కొనేవాళ్లలో దీని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. వయసు పెరిగేకొద్దీ ముందు పోయేది ఈ పై స్వరాలు వినే శక్తే. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద నడిచే పెద్దవాళ్లని గమనించండి, చిన్న గిన్నె ఉన్న బెల్లు సన్నగా టింగుమంటే పక్కనున్న మనవడు చటుక్కున తిరిగి చూస్తాడు, తాతగారు మాత్రం తన మానాన తను నడుస్తూనే ఉంటారు. ఆయన మొండితనం కాదది, ఆ శబ్దం ఆయన దాకా రాలేదు, అంతే. ఒకే లోహం, ఒకే మందం అయితే గిన్నె పెద్దదయ్యేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. కాబట్టి మీ దారిలో పెద్దవాళ్లు ఎక్కువుంటే పాతకాలం పెద్ద సైకిళ్లకి ఉండే వెడల్పాటి గిన్నె బెల్లు, లేదా రెండు స్వరాల్లో డింగ్ డాంగ్ అనేది తీసుకోవడం మంచిది. చూడ్డానికి మోటుగా ఉందని, గేరు సైకిల్‌కి నప్పదని అంటారు కుర్రాళ్లు. నప్పకపోతే నప్పకపోనీ. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ల విషయంలో మాత్రం ఏ సైజు గిన్నె కొన్నా భరోసా లేదు, వాళ్లకి వినపడలేదనే అనుకుని చుట్టూ తిరిగి పోవాలి.

ఇప్పుడు బెల్లు లోపలికి వెళ్దాం, ఎందుకంటే ట్రింగ్ ట్రింగ్ బెల్లు ఎలా పనిచేస్తుందో తెలిస్తే కొనడం సగం తేలిక. సైకిల్ బెల్లుకి 1877లోనే ఇంగ్లండులో జాన్ రిచర్డ్ డెడికోట్ పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మనం వాడే ట్రింగ్ ట్రింగ్ బెల్లు గిన్నె విప్పి చూస్తే, బొటనవేలితో నొక్కే మీట కొసన అర్ధచంద్రంలా పళ్లు కనిపిస్తాయి. అవి ఒక చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతాయి, అది ఇంకోదాన్ని, అలా వేగం పెరుగుతూ పోయి చివరికి మధ్యలో ఉన్న రేకు పట్టీ గిర్రున తిరుగుతుంది. ఆ పట్టీ రెండు చివర్లా వాషర్లలాంటి బిళ్లలు వదులుగా వేలాడుతుంటాయి. పట్టీ తిరిగే జోరుకి ఇవి బయటికి విసురుకొచ్చి గిన్నె లోపలి అంచున ఉన్న బుడిపెలకి తగులుతాయి, తగిలి వెనక్కి జారి, మళ్లీ చుట్టు తిరిగొచ్చి మళ్లీ తగులుతాయి. మీరు మీట ఒక్కసారి నొక్కితే లోపల గబగబా ఎన్నో దెబ్బలు పడతాయి, వేలు తీస్తే స్ప్రింగు మీటని వెనక్కి లాగుతుంది, కొన్నిట్లో ఆ వెనక్కి వచ్చేటప్పుడు కూడా మోగుతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఈ రకం బెల్లుని మెల్లగా నొక్కితే బిళ్లలు విసురుకోవు, కిర్రుమని ఊరుకుంటుంది, కాబట్టి వేలు చురుగ్గా పడాలి. రెండు, బెల్లు ఊపితే లోపల గలగలమంటోందని పాడైందనుకోకండి, ఆ బిళ్లలు వదులుగా ఉండాల్సిందే, అవి బిగిసిపోతేనే బెల్లు చచ్చినట్టు. పళ్ల చక్రాలు ప్లాస్టిక్‌వి అయితే త్వరగా అరిగి మీట ఊరికే జారిపోతుంటుంది. చాలా బెళ్లకి గిన్నె చేత్తో తిప్పితే ఊడి వస్తుంది కాబట్టి, షాపువాణ్ణి అడిగి ఒకసారి విప్పి చూడటంలో తప్పేం లేదు. చూసేటప్పుడు క్లాంపు (హ్యాండిల్‌కి బిగించే పట్టీ) దగ్గర పట్టుకుని కొట్టండి, గిన్నె చుట్టూ చెయ్యి పెడితే ఎంత మంచి బెల్లయినా టక్కుమంటుంది.

రెండో రకం, చిన్న సుత్తిలాంటిది స్ప్రింగు మీద ఉండి వేలితో మీటి వదిలితే టింగుమని ఒక్కసారి కొట్టేది. ఇందులో చెడిపోయేది దాదాపు ఏమీ లేదు. మంచి ఇత్తడి గిన్నె అయితే మోత చాలాసేపు సాగుతుంది, వినడానికి హాయిగా ఉంటుంది, ఎవరినీ ఉలికిపెట్టదు. దీని చిక్కల్లా శబ్దం ఎటునుంచి వస్తోందో పట్టుకోవడంలో. రెండు చెవులకీ శబ్దం చేరడంలో ఉండే చిన్న తేడాని బట్టి మెదడు దిక్కు తెలుసుకుంటుంది, ఆ ఆచూకీ ఎక్కువగా దొరికేది శబ్దం మొదలయ్యే క్షణంలోనే. ఒకే స్వరం అలా సాగుతుంటే, అందులోనూ అటూ ఇటూ గోడలున్న సందులో, ఎటు నుంచో తెలియదు. ట్రింగ్ ట్రింగ్ బెల్లులో ప్రతి దెబ్బా ఒక కొత్త మొదలు కాబట్టి వినేవాడు ఠక్కున సరైన వైపు తిరుగుతాడు. ప్రశాంతమైన దారికి టింగు బెల్లు, జనం మసిలే బజారుకి ట్రింగు బెల్లు, నా ఓటు ఇలా వేస్తాను.

బెల్లు ఇత్తడిదేనా అన్నది తేల్చుకోవడానికి జేబులో చిన్న అయస్కాంతం ఉంటే చాలు. ఇత్తడికి అంటుకోదు, ఇత్తడి రంగు పూసిన ఇనప రేకుకి అంటుకుంటుంది. అల్యూమినియానికీ అంటుకోదనుకోండి, కానీ అది చేతిలో పట్టుకుంటేనే తేలికదనం తెలిసిపోతుంది. మన కృష్ణా తీరపు ఉక్క, వానలు తెలిసినవే కదా, క్రోమ్ పూత గీసుకుపోయిన చోట ఇనప గిన్నె తుప్పు పడుతుంది. ఇత్తడి నల్లబడుతుంది గానీ తుప్పు పట్టదు, కాస్త చింతపండుతో తోమితే మళ్లీ మెరుస్తుంది.

ఇక బ్యాటరీ హారన్లు, రబ్బరు బుడ్డి నొక్కితే పాం పాం అనేవి. బుడ్డి హారన్ మీద నాకు పేచీ లేదు, దాని స్వరం కింద ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకి కూడా వినపడుతుంది, కాకపోతే ఎండకి రబ్బరు పగిలిపోతుంది. బ్యాటరీ హారన్ మాత్రం నాకు నచ్చదు, చప్పుడు ఎక్కువన్న ఒక్క కారణంతో కాదు. ట్రింగుమంటే వినేవాడికి వెనక వచ్చేది సైకిలని తెలుస్తుంది, అంటే నెమ్మదిగా వస్తోంది, మూరెడు చోటిస్తే చాలు, కంగారు లేదు అని కూడా తెలుస్తుంది. స్కూటర్ హారన్ మోగితే మనిషి స్కూటర్ కోసం తయారవుతాడు, బెదిరి ఎటో గెంతుతాడు, తిరిగి చూసి సైకిలని తెలిశాక తిడతాడు, ఆ తిట్టులో న్యాయం ఉంది. పైగా పైన చెప్పిన ఆ 2000 నాటి నియమాల కింద ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతం ఉండొచ్చు, అక్కడ హారన్ కొట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్యా కొట్టకూడదు.

బెల్లు ఉండాలా వద్దా అన్నదాని మీద దేశానికో పద్ధతి. జర్మనీలో సైకిల్‌కి స్పష్టంగా మోగే గంట తప్పనిసరి, చక్రానికి రాసుకుని మోగే రకం మాత్రం కుదరదు. బ్రిటన్‌లో కొత్త సైకిల్ అమ్మేటప్పుడు బెల్లు ఉండాలి. జపాన్‌లో ఇంకో విడ్డూరం, ప్రమాదం తప్పించడానికి తప్ప ఊరికే నడిచేవాళ్లని పక్కకి జరపడానికి బెల్లు కొడితే అది చట్టవిరుద్ధం. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం కింద వచ్చే హారన్ నిబంధనలు మోటారు బళ్లకి సంబంధించినవి, కాళ్లతో తొక్కే సైకిల్ ఆ లెక్కలోకి రాదు.

బిగించే చోటు గురించి. హ్యాండిల్ పట్టు వదలకుండా, బ్రేకు మీద ఉన్న రెండు వేళ్లు కదపకుండా బొటనవేలికి అందాలి, ఇది తప్పనిసరి. బెల్లు కోసం చెయ్యి జరపాల్సి వస్తే సరిగ్గా బ్రేకు కావాల్సిన క్షణంలో బ్రేకు మీద చెయ్యి ఉండదు. మన సైకిళ్లకి సాధారణంగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఎక్కువ పనిచేసేది అదే, గేరు సైకిళ్లలో కుడి బొటనవేలికి వెనక గేర్లు మార్చే పని కూడా ఉంటుంది. కాబట్టి ఎడమ వైపు బిగించడం మేలు, అయితే కొన్ని బెళ్లు కుడి బొటనవేలికి కుదిరేలా చేసి ఉంటాయి, కొనేటప్పుడే మీట ఎటు కదులుతుందో చూసుకోండి. కొలత కూడా చూసుకోవాలి. గ్రిప్పు దగ్గర మామూలు హ్యాండిల్ మందం 22.2 మిల్లీమీటర్లు, కొత్తరకం సైకిళ్లలో మధ్యకి వచ్చేసరికి అది 25.4 గానీ 31.8 గానీ అవుతుంది. పాత పద్ధతి క్లాంపు గ్రిప్పు పక్కన పడుతుంది గానీ మధ్యలో అస్సలు పట్టదు. వదులుగా ఉండి తిరిగిపోతుంటే పాత ట్యూబు ముక్క ఒకటి కోసి కింద పెట్టి బిగిస్తే కదలదు. గిన్నెకి బ్రేకు వైరు తగులుతోందేమో చూడండి, బాగాలేదని పారేసే బెళ్లలో కొన్నిటికి జబ్బు ఇదే. తగిలితే మోత అక్కడికక్కడే చచ్చిపోతుంది. స్టాండు లేని గేరు సైకిల్ అయితే పంక్చర్ వేసేటప్పుడు తలకిందులు చేస్తారు కాబట్టి బెల్లుని నిటారుగా కాకుండా కొంచెం ముందుకి వంచి బిగించండి, లేకపోతే బరువంతా దాని నెత్తిన పడుతుంది.

అసలు విషయం కొట్టే సమయంలో ఉంది. గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే సెకనుకి నాలుగు మీటర్ల పైచిలుకు పోతున్నట్టు. ముందు నడుస్తున్న మనిషి వినాలి, మనకే అనుకోవాలి, ఎటు జరగాలో తేల్చుకోవాలి, జరగాలి. దీనికి రెండు మూడు సెకన్లయినా ఇవ్వాలి కదా. అంటే పది పన్నెండు మీటర్ల ముందు కొట్టాలి, సుమారు మూడు కార్లు వరసగా పెట్టినంత దూరం. బ్యాటరీతో నడిచే సైకిలై 25 కిలోమీటర్ల వేగంలో ఉంటే అది ఇరవై మీటర్లకి చేరుతుంది, ఆ దూరం నుంచి రద్దీలో వినపడుతుందన్న భరోసా లేదని పై లెక్క చెబుతోంది, కాబట్టి అక్కడ వేగం తగ్గించడం తప్ప దారి లేదు. మూడు మీటర్ల దగ్గరకొచ్చి వీపు వెనక ట్రింగుమనిపించడం అన్నిటికన్నా చెడ్డది. మనిషి శబ్దం వచ్చిన వైపు తిరుగుతాడు, తిరిగే ఊపులో ఒక అడుగు అటే వేస్తాడు, మీరు వెళ్దామనుకున్న సందు కాస్తా మూసుకుపోతుంది. అంత దగ్గరకి వచ్చేశాక బెల్లు మర్చిపోయి బ్రేకు వేసి, "అమ్మా, కొంచెం కుడి పక్కనుంచి వస్తున్నా" అని నోటితో చెప్పండి. బెల్లుకి లేని సౌకర్యం నోటికి ఉంది, ఎటు వస్తున్నామో చెప్పగలదు.

దూరం నుంచి ఒకసారి తేలిగ్గా కొట్టడం, తల కదిలిందా లేదా చూడటం, కదలకపోతే కాస్త దగ్గరయ్యాక ఇంకోసారి, అప్పటికీ లాభం లేకపోతే నెమ్మదించడం. ఆపకుండా కొడుతూ పోతే అది సమాచారం కాదు, దబాయింపు. బీసెంట్ రోడ్డులో సాయంత్రం జనం మధ్యకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి బెల్లు మీద బెల్లు కొట్టేవాళ్లని చూస్తుంటాను, అక్కడ దిగి నడిపించుకుంటూ పోవడమే త్వరగా అయ్యే పని.

గుంటూరులో బెల్లుకి ఇంకో రకం పని పడుతుంది. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసు చెప్పాలంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటాం, అంటే ఊరి ఆ భాగమంతా గళ్లు గళ్లుగా ఉంటుంది, కాసేపటికోసారి ఒక అడ్డరోడ్డు తగులుతూనే ఉంటుంది. చాలా మలుపుల్లో ప్రహరీ గోడ రోడ్డు అంచుదాకా, దాని ముందు పార్కింగ్ చేసిన కారు, అవతలి నుంచి వచ్చేది కనపడే వీల్లేదు. ఇలాంటి చోట బెల్లు కనిపించే మనిషి కోసం కాదు, కనిపించని మనిషి కోసం. మలుపుకి కొంచెం ముందే కొట్టి, తొక్కడం ఆపి, వినాలి. ఈ వినడాన్నే అందరూ వదిలేస్తారు. ఈ మధ్య చప్పుడు చెయ్యని కరెంటు స్కూటర్లు ఎక్కువయ్యాయి కాబట్టి విని ఊరుకుంటే చాలదు, తల తిప్పి చూడాలి కూడా.

జంతువుల దగ్గర బెల్లుతో పెద్దగా పని లేదు. రోడ్డు మధ్యలో పడుకున్న ఆవుకి మీ బెల్లు లెక్కే కాదు, వీధి కుక్కకేమో అది పోట్లాటకి పిలుపు. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి పోయేటప్పుడు కూడా బెల్లు అక్కరకి రాదు, తలుపు తీసేవాడికి వినపడదు, ఒక మీటరు ఎడంగా పోవడమే.

నిర్వహణ అంటే పెద్ద పనేం కాదు. వానాకాలం అయ్యాక గిన్నె విప్పి, దుమ్ము ఊది, పళ్ల చక్రాల ఇరుసుల దగ్గర కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది, దుమ్ముతో కలిసి జిగురవుతుంది. గ్రీజు అసలే వద్దు, బిళ్లలు అంటుకుపోతాయి. గిన్నె మళ్లీ పెట్టేటప్పుడు గట్టిగా బిగించకపోతే గుంతల్లో పడ్డప్పుడల్లా గరగరమంటుంది, ఒకరోజు ఎక్కడో ఊడి పడిపోతుంది. సైకిల్ స్టాండుల్లో గిన్నెలు మాయమవడం మన దగ్గర తరతరాల ఆచారం, స్కూలు పిల్లల సైకిళ్లకి మరీను. మర మీద నాలుగు చుట్లు కుళాయిలకి చుట్టే తెల్ల టేపు చుట్టి బిగిస్తే చేత్తో తిప్పగానే ఊడి రాదు, కొంటె కుర్రాడికి అంత ఓపిక ఉండదు. స్ప్రింగు విరిగితే మాత్రం బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోవడమే.

పిల్లల సైకిల్‌కి కొనేటప్పుడు పిల్లనో పిల్లాణ్ణో షాపుకి తీసుకెళ్లి వాళ్ల వేలితోనే నొక్కించి చూడండి. చాలా ట్రింగు బెళ్ల స్ప్రింగు పెద్దవాళ్ల బొటనవేలికి తగ్గట్టు గట్టిగా ఉంటుంది, పిల్లలు రెండు చేతులతో నొక్కబోయి హ్యాండిల్ వదిలేస్తారు. వాళ్లకి మీటి వదిలే టింగు బెల్లే సుఖం, బొమ్మలున్నవి కావాలని పేచీ పెడితే పెట్టనివ్వండి, గిన్నె మాత్రం లోహంది అయ్యేలా చూసుకోండి.